ఫోను పట్టుకు తిరిగే మనిషి

ఆ సోమవారం పొద్దున పాండురంగ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరున్నరకు లేచి, జాకెట్టు తొడుక్కుని, తాముండే రోటోటూనా వీధుల్లో ముప్పావుగంట నడిచి, ఇంటికొచ్చి స్నానం చేసి ఆఫీసుకు పోవడం. ఇందులో గొడవ ఎక్కడినుంచి వస్తుందని మీరు అడగవచ్చు. పాండురంగ చేతిలో ఫోను ఉంది, ఆ ఫోనులో బ్యాటరీ ఉంది, ఆ బ్యాటరీ మీద పాండురంగకు ఉన్న బెంగ చూస్తే ఆయన భార్య కిరణ్మయికి కూడా కాస్త అసూయ పుడుతుంది. గొడవకు అంతకంటే ఏం కావాలి?

ఆయనది రాజమండ్రి. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పని మనిషిని చూస్తే వాళ్ల నాన్నకు ఒళ్లు మండేది. ఆ మంట యథాతథంగా కొడుక్కు వచ్చింది. చదువుకోవడానికి న్యూజీలాండ్ వచ్చి, హామిల్టన్‌లో పాడి రైతులకు సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీలో కుదురుకుని పదేళ్లు దాటినా అది చల్లారలేదు. ముందురోజు, అంటే ఆదివారం, భోజనం చేసి కూర్చుని కొత్త ఫోను సెట్టింగులు తిరగేస్తుంటే, ఏ యాప్ ఎంత బ్యాటరీ తాగుతోందో లెక్కచెప్పే పేజీ ఒకటి బయటపడింది.

"చూశావా కిరణ్, మనం చూడనప్పుడు కూడా ఇవన్నీ వెనకాల నడుస్తూనే ఉన్నాయి. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగినట్టు."

"నడవనివ్వండి. మీకేం అడ్డం?"

అడ్డమో కాదో, సాయంత్రంలోగా ఓ నాలుగింటిని వదిలి మిగతా ముప్పైనాలుగు యాప్‌లకూ బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే పర్మిషన్ తీసేశాడు. అరుదుగా వాడేవాటిని పూర్తిగా నిద్రపుచ్చమంటావా అని ఫోను అడిగితే నిద్రపుచ్చమన్నాడు. స్క్రీను పదిహేను సెకన్లకే ఆరిపోయేలా పెట్టాడు.

"మరి మెసేజిలు వస్తాయా?" అంది కిరణ్మయి.

"యాప్ తెరిస్తే వస్తాయి."

"తెరవకపోతే?"

"ఫోనుకు తీరికైనప్పుడు అదే లేచి తెచ్చుకుంటుంది. కంగారేముంది?"

ఇక నడక సంగతి. ఆఫీసులో నెల రోజుల నడక పోటీ పెట్టారు. అయిదుగురికి ఒక జట్టు, ఎవరి అడుగులు వాళ్ల ఫోను లెక్కపెట్టి పంపుతుంది. సోమవారం పాండురంగ పొగమంచులో వణుకుతూ ముప్పావుగంట నడిచాడు. మధ్యాహ్నం జట్టు నాయకురాలు బ్రెండా ఆయన బల్ల దగ్గరికి వచ్చి, పరామర్శకు వచ్చినట్టు గొంతు తగ్గించి, "మోకాళ్లు నొప్పిగా ఉంటే చెప్పు, ఏమీ అనుకోం" అంది. పోటీ లెక్కల బోర్డు మీద పాండురంగ పేరు పక్కన రెండువందల పన్నెండు అడుగులున్నాయి. అది మంచం దగ్గరినుంచి వీధి చివరి వరకు.

పాండురంగకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికెళ్లి పరిశోధించగా తెలిసింది, స్క్రీను ఆరిపోగానే అడుగుల యాప్ కూడా పడుకుంటోందని. ఆ ఒక్క యాప్‌కూ పర్మిషన్ తిరిగి ఇస్తే సరిపోయేది. కానీ ఒకదానికి ఇస్తే మిగతా ముప్పైమూడూ ఏమనుకుంటాయన్నట్టు, ఆయన ఇవ్వలేదు. నడిచినంతసేపూ స్క్రీను ఆరకుండా చూసుకుంటే చాలదా అనుకున్నాడు.

కాబట్టి మంగళవారం నుంచి పాండురంగ నడక మారిపోయింది. నల్ల జాకెట్టు, తల మీద టోపీ, ఛాతీ ఎత్తున రెండు చేతుల్తో పట్టుకున్న ఫోను. ప్రతి పది సెకన్లకూ స్క్రీను మీద ఒక్క తట్టు. చూసేవాళ్లకు మాత్రం ఒక మనిషి ఇంటింటి ముందూ ఫోటో తీసుకుంటూ పోతున్నట్టుంది. చివరికి తన ఇంటి గేటు ముందు ఆగి, ఎన్ని అడుగులయ్యాయో చూసుకుని, ఆ అంకెను చూసి మురిసిపోతూ రెండు నిమిషాలు నిలబడేవాడు.

అది రెండువేల పదహారు జూలై. ఆక్లాండ్ వాళ్లు వచ్చి హామిల్టన్ ఇళ్లను కూరగాయలు కొన్నట్టు కొనుక్కుపోతున్న రోజులు. పక్కింటి మార్గరెట్ కిటికీ తెర సందులోంచి మూడు రోజులు చూసింది. నాలుగేళ్లుగా ఆవిడకు పాండురంగ తెలుసు, కానీ కారులో చెయ్యూపే మనిషిగా తెలుసు. ఆ వీధిలో ఆయన కాలినడకన కనిపించడం ఎవరూ ఎరగరు. గురువారం ఆవిడ వీధి గ్రూపులో మెసేజి పెట్టింది. "ఎవరో ఆక్లాండ్ పెట్టుబడిదారు రోజూ పొద్దున్నే ఇళ్ల ఫోటోలు తీస్తున్నాడు. పద్నాలుగో నంబరు ఇంటి మీద బాగా మనసు పడ్డట్టున్నాడు."

పద్నాలుగో నంబరు పాండురంగ వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు. వీధి గ్రూపులో ఆ ఇంటి తరఫున ఉన్నది పాండురంగ ఒక్కడే. ఆ గ్రూపు ఆయన ఫోనులో గాఢనిద్రలో ఉంది.

ఆ ఇల్లు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. పదేళ్లలో వాళ్లు అయిదు ఇళ్లు మారారు. మారిన ప్రతిసారీ కిరణ్మయి ఒక కరివేపాకు మొక్క పెంచడం, హామిల్టన్ చలికి అది చచ్చిపోవడం. ఈ ఇంట్లో హాలు కిటికీ ఉత్తరం వైపుంది. ఆ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపునే తిరుగుతాడు కాబట్టి చలికాలం ఎండంతా అందులోంచే వస్తుంది. ఆ కిటికీ దగ్గర కుండీలో నాలుగో ఏడు కూడా కరివేపాకు పచ్చగా నడుమెత్తు పెరిగింది. "ఇంకోసారి అట్టపెట్టెలు సర్దమంటే నావల్ల కాదు. ఈ కిటికీ నాకు కావాలి" అని కిరణ్మయి తేల్చేసింది. ఇంటి ఓనరు జనార్ధనరావు కూడా తెలుగాయనే. మునుపు ఆ ఇంట్లోనే ఉండి, ఇప్పుడు ఆక్లాండ్ మౌంట్ ఆల్బర్ట్‌లో ఉంటున్నాడు. ఇల్లు మీకే అమ్ముతానని నెల కిందట మాటిచ్చాడు. కాయితాలు మాత్రం ఇంకా కాలేదు.

గురువారం సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. మార్గరెట్ పాత పరిచయం కొద్దీ ఆయనకూ చెప్పేసింది.

"ఏంటి పాండూ, ఎవరో ఆక్లాండ్ పెద్ద పార్టీ మన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడటగా?"

"నాకు తెలీదంకుల్. ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరులే. నాకో రెండ్రోజులు టైమివ్వు, ఆలోచించుకుని చెప్తా."

పాండురంగ ఫోను పెట్టేసి భార్య మొహం చూశాడు. కిరణ్మయి కరివేపాకు కుండీ వైపు చూసింది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

రెండ్రోజులు కాదు, నాలుగు రోజులైనా జనార్ధనరావు దగ్గర్నుంచి కబురు లేదు.

"ఓసారి మనమే చేద్దామా?" అన్నాడు పాండురంగ.

"వద్దు. మనం తొందరపడ్డామని తెలిస్తే చులకనైపోతాం. ముందు ఆ ఆక్లాండ్ వాడెవడో కనుక్కోండి."

ఇక్కడినుంచి పాండురంగ తనను తాను వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫోనుకు తీరిక చిక్కి వీధి గ్రూపు మెసేజి ఒకటి తెచ్చింది. "ఇప్పుడే మలుపు దగ్గర ఉన్నాడు." అది పొద్దున ఏడింటికి మార్గరెట్ పెట్టిన మెసేజి. పక్కన చిన్న అక్షరాల్లో టైము ఉంటుంది, కానీ ఇల్లు చేజారిపోతున్న మనిషి చిన్న అక్షరాలు చదువుతాడా? జాకెట్టు తగిలించుకుని, ఫోను పట్టుకుని, మలుపు దాకా పరిగెత్తాడు. ఎవరూ లేరు. రెండు వీధులు గాలించి, అనుమానం వచ్చిన ప్రతి గేటులోకీ తొంగిచూసి వచ్చాడు. మర్నాటి సాయంత్రం అందిన మెసేజి ఇది. "ఇప్పుడు సాయంత్రాలు కూడా వస్తున్నాడు. పరిగెడుతున్నాడు. గేట్లలోకి చూస్తున్నాడు. చాలా తొందరలో ఉన్నట్టున్నాడు."

"తొందరలో ఉన్నాడట కిరణ్" అన్నాడు పాండురంగ నీరసంగా.

వీధి వీధంతా మేలుకుంది. ఎదురింటాయన కంచెకు రంగు వేయించాడు. ఆ పక్కావిడ గడ్డి కోయించి గేటు దగ్గర పూలకుండీలు పెట్టింది. మంచి బేరం తగిలితే అమ్మేద్దామని అందరికీ లోపల ఉంది. పాండురంగ పొద్దున నడకలో అవన్నీ చూసి, వీళ్లందరూ ఆ మనిషిని కలిసినట్టే ఉన్నారు, నాకే దొరకడం లేదని మరీ కుంగిపోయాడు. స్క్రీను వెలిగించే ఉంచడంతో బ్యాటరీ మునుపటికంటే తొందరగా దిగజారుతోంది. ఆ నష్టం పూడ్చడానికి మిగిలిన నాలుగు యాప్‌లకూ పర్మిషన్ తీసేశాడు.

గురువారం ఉండబట్టలేక గ్రూపులో తనే అడిగాడు, ఆ మనిషి ఎలా ఉంటాడని. జవాబు శుక్రవారం అందింది. నల్ల జాకెట్టు, తల మీద టోపీ, ఎత్తు మామూలు.

"మీక్కూడా అలాంటి జాకెట్టే ఉందిగా" అంది కిరణ్మయి.

"హామిల్టన్‌లో అందరికీ ఉంది. దాన్నిబట్టి ఏం పట్టుకుంటాం?"

శనివారానికి ఇద్దరూ కలిసి పథకం వేశారు. పాండురంగ తెల్లవారుతూనే వెళ్లి వీధుల్లో కాపు కాస్తాడు. కిరణ్మయి హాలు కిటికీ దగ్గర కరివేపాకు పక్కన నిలబడి గేటు చూస్తుంటుంది. మనిషి కనిపించగానే ఫోన్ చేస్తుంది. పాండురంగ వచ్చి, "అయ్యా, ఈ ఇల్లు మాకు మాటిచ్చేశారు, నీకు ఇంకో వీధి దొరక్కపోదు" అని మర్యాదగా చెప్తాడు. వెళ్తున్నానుగదా అని అడుగుల యాప్ కూడా తెరుచుకున్నాడు. జట్టు పరువు సంగతి జట్టుకు ఉంది.

మంచు దట్టంగా ఉంది. ముప్పావుగంట తిరిగినా నరమానవుడు కనబడలేదు. పాండురంగ ఉసూరుమంటూ గేటు దాకా వచ్చి ఆగాడు. అలవాటుకొద్దీ ఫోను ఎత్తి అడుగులు చూసుకున్నాడు. ఫోను మోగింది.

"ఏమండీ, వచ్చాడు" అంది కిరణ్మయి గుసగుసగా. "మన గేటు ముందే ఉన్నాడు."

"నిజంగానా? నేనూ గేటు దగ్గరే ఉన్నాను. నాకు కనబడడే?"

"మంచులో నీడలా ఉన్నాడు. ఇప్పటిదాకా ఫోను పైకెత్తి ఫోటో తీశాడు. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు."

"ఎవరితో అయ్యుంటుంది? లాయరుతోనా?"

కిరణ్మయి కిటికీ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచి ఇంకోసారి చూసింది.

"ఏమండీ, ఓసారి మీ ఎడమ చెయ్యి పైకెత్తండి."

"ఎందుకు?"

"ఎత్తండి చెప్తాను."

పాండురంగ ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఫోనులో పెద్ద నిట్టూర్పు వినిపించింది. అదే సమయంలో ఆయన వెనకాల ఒక కారు తలుపు మూసిన చప్పుడైంది. ఎవరో దగ్గరికి వచ్చి గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"సార్, చెయ్యి దించండి, నేను కొట్లాటకు రాలేదు. ఈ ఇల్లు నాది. మీరు ఎంతిచ్చినా అమ్మను. మా కుర్రాడికి మాటిచ్చాను. దయచేసి వేరే ఇల్లు చూసుకోండి."

గొంతు జనార్ధనరావుది. పాండురంగ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అంకుల్, నేను పాండూని."

జనార్ధనరావు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నువ్వేంటయ్యా ఇక్కడ? ఆ ఆక్లాండ్ వాడేడి?"

"నేనే అంకుల్" అన్నాడు పాండురంగ. అప్పటికి ఆయనకు కూడా అర్థమైపోయింది.

కారులోంచి విజయలక్ష్మి దిగింది. ఆవిడ జనార్ధనరావు భార్య. "రోడ్డు మీద పంచాయితీ ఏంటి, లోపలికి పదండి, చలి చంపేస్తోంది" అంటూ అందరికంటే ముందు ఇంట్లోకి నడిచింది.

కాఫీలు తాగుతూ సంగతంతా విప్పుకున్నారు. మొదట జనార్ధనరావుకు ఆశ పుట్టిన మాట నిజమే. "మీ ఆంటీ ఊరుకుంటేగా. ఆ పిల్ల కరివేపాకు మొక్కని ఏం చేసుకుంటుంది, మాటంటే మాటే అని రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లారగానే నీకు మెసేజి పెట్టాను. వారం నుంచి నువ్వు జవాబివ్వకపోతే నీకు కోపమొచ్చిందనుకున్నా. అందుకే నేనే బయల్దేరి వచ్చా."

"నాకేం మెసేజి రాలేదంకుల్."

కిరణ్మయి భర్త చేతిలోంచి ఫోను లాక్కుంది. జనార్ధనరావు ఇండియా చుట్టాలతో మాట్లాడుకోవడానికి వాడే యాప్ ఒకటుంది. పాండురంగ దాన్ని తెరిచి రెండు నెలలైంది. కిరణ్మయి తెరిచింది. ఫోను ఒక్కసారి ఒళ్లు విరుచుకుని టింగుమంది. "మాట మాటే. ఇల్లు మీదే. వచ్చే శనివారం పొద్దున్నే కాయితాలతో వస్తాం. కిరణ్మయిని ఉప్మా చేయమను." ఎనిమిది రోజుల కిందటి మెసేజి.

కిరణ్మయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ కిటికీ దగ్గరికి వెళ్లి, నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచుకుని, ఉప్మా చేయడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. పోపు వాసన హాల్లోకి వచ్చేసరికి పాండురంగ కళ్లు తుడుచుకుంటూ కాయితాల మీద సంతకాలు పెడుతున్నాడు. ఆయనకు అంత సంతోషంగా ఎన్నడూ లేదు. పదేళ్లకు ఒక కిటికీ తమదైంది.

వెళ్తూ వెళ్తూ విజయలక్ష్మి అంది. "చూడు పాండూ, బ్యాటరీ అయిపోతే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ఇల్లు పోతే ఏం పెట్టుకుంటావు?"

"నిజమే ఆంటీ" అన్నాడు పాండురంగ వినయంగా. అతిథులు వెళ్లాక కిరణ్మయి కూర్చుని అన్ని యాప్‌లకూ పర్మిషన్లు తిరిగి ఇచ్చేసింది. ఆయన పక్కనే ఉండి బుద్ధిగా తలూపాడు. నెలాఖరున నడక పోటీలో పాండురంగ జట్టుకు మొదటి బహుమతి కూడా వచ్చింది. సాయంత్రం పరుగులే గెలిపించాయని బ్రెండా అందరికీ చెప్పింది.

ఇల్లు పేరు మారిన రోజున మార్గరెట్ గ్రూపులో ఇలా రాసింది. "నేను మొదటే చెప్పానా లేదా? ఆ మనిషి పద్నాలుగో నంబరు కొనడానికే తిరిగాడు. కొన్నాడు. మన వీధికి స్వాగతం."

ఆ మెసేజి పాండురంగ ఫోనుకు మర్నాడు సాయంత్రం ఆరింటికి చేరింది.