చేప వాసన పడని కారు

ఇటు జరగండి. ఇంకాస్త దగ్గరికి. సముద్రం హోరులో నా మాటలో సగం దానికే పోతుంది, మిగతా సగమైనా మీకు దక్కాలి. దాతల చరిత్ర వినేటప్పుడు వెనక కూర్చోకూడదు. పుణ్యం చివరి వరుసదాకా రాదు.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడు, మా గుల్లపేట గ్రామానికి శ్రీ నరసింగరావుగారు తమ సొంత కారును దానం చేశారని ఇందుమూలంగా అందరికీ తెలియజేస్తున్నాను. ఆయన శ్రీకాకుళంలో సిమెంటు వ్యాపారి. కారు తెల్లనిది, నాలుగు తలుపులు, వెనక డిక్కీ. అందులోనే ఆయన పిల్లలు బడికి వెళ్ళారు, కాలేజీకి వెళ్ళారు, పెళ్ళిపీటల మీదికీ వెళ్ళారు. కొత్త కారు కొన్నాక పాతది గేటుకు అడ్డమైంది. కొనడానికి వచ్చినవాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి ఒక ధర చెప్పాడు. అది విని ఆయన భార్య పద్మకుమారిగారు ఆ పూట అన్నం ముట్టలేదట. ఆ ధరకు అమ్మితే పరువు పోతుంది, ఊరికే ఇచ్చేస్తే పరువు వస్తుంది. ఆ విధంగా నరసింగరావుగారి హృదయంలో దానగుణం జన్మించింది.

మాకు కారు అవసరం లేదని కాదు. శ్రీకూర్మం దాటి ఇసుక దారిన పడితే గాని మా ఊరు రాదు. ఊరంతటికీ ఒక్క మోటారుబైకు. జబ్బు మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాళ్ళం. ఆ బైకు మీద పురుటికి బయలుదేరిన గున్నమ్మకు సరుగుడు తోటలోనే కాన్పు అయింది. ఆ పిల్లాడు నోట్లో ఇసుకతోనే భూమ్మీదకు వచ్చాడు. ఆ ఏడు నా మనవరాలు తులసి కడుపుతో ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నొప్పులు మొదలైన వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురావాలనీ నర్సమ్మ చెప్పింది. అందుచేత కారు వస్తుందని వినగానే నేను అమ్మవారికి కోడిని మొక్కుకున్నాను.

దానం శాస్త్రోక్తంగా జరిగింది. పంతులుగారి దగ్గర గోదానానికి మంత్రం ఉంది గాని కారుదానానికి లేదు. నాలుగు చక్రాలను నాలుగు కాళ్ళ కింద జమకట్టి గోదానమే చేయించారు. గోదానంలో దాత ఆవు తోక పట్టుకోవాలి. కారుకు తోక ఏదన్న విషయమై కొంత చర్చ జరిగి, పొగ వచ్చే గొట్టమేనని తీర్మానించారు. అప్పుడే అంత దూరం పరుగెత్తి వచ్చిన కారు. నరసింగరావుగారు భక్తిశ్రద్ధలతో గట్టిగా పట్టుకున్నారు. మర్నాటి పేపరు ఫోటోలో ఆయన చెయ్యెత్తి మమ్మల్ని దీవిస్తున్నట్టు ఉన్నారు. నిజానికి ఆ చేతికి గాలి ఆడనిస్తున్నారు.

తర్వాత ఉపన్యసించారు. “సోదర సోదరీమణులారా, నేను మీకు ఇస్తున్నది కారు కాదు. నా కుటుంబ సభ్యుణ్ణి.” మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ కుటుంబ సభ్యుడికి బ్రేకు సరిగా పడదని తర్వాత తెలిసింది.

కారు మీద దాతగారి పేరు రాయించారు. దాతగారి పేరు ఒక్కటే రాస్తే స్వార్థం అంటారని తండ్రిగారి పేరు, తల్లిగారి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, కొత్త టైరు వేయించిన బావమరిది పేరు కూడా రాయించారు. తలుపులు నిండిపోయాయి. ముందు అద్దం మిగిలింది. దాని మీద ‘గుప్తదానం ఇష్టపడే శ్రీ నరసింగరావుగారు’ అని ఎర్ర అక్షరాలతో రాశారు. తోలేవాడికి మాత్రం కంచమంత ఖాళీ వదిలారు. దారి తోలేవాడికి కనబడకపోయినా, వస్తున్నది ఎవరి దానమో ఎదుటివాడికి కనబడాలి కదా. రాసిన పెయింటరు కూడా ఊరుకోలేదు. డిక్కీ మీద ‘యుగంధర్ ఆర్ట్స్’ అని తనదీ రాసుకున్నాడు.

చివరగా నిబంధనలు చదివారు. కారులో తడి కాళ్ళతో ఎక్కరాదు. కారులో మూలగరాదు, అది తోలేవాడి మనసుకు ఇబ్బంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, చేప వాసన గలవారు కారు ఎక్కరాదు. ఇది బెస్తవాళ్ళ ఊరు. మా దిండ్లకే చేప వాసన ఉంటుంది.

దానికి మా సంఘం పెద్ద జగన్నాధం లేచి, “సిత్తం బాబూ, అలగే” అన్నాడు. దానం ఇచ్చేవాడి ముందు మావాళ్ళు ఇంకో మాట అనరు.

ఆ తర్వాత వారం వారం పద్మకుమారిగారు కొత్త కారులో వచ్చి పాత కారు సీట్లు వాసన చూసి వెళ్ళేవారు. ఒక మారు వెనక సీటు దగ్గర ఆగి ముఖం చిట్లించారు. అక్కడ ఎవరూ కూర్చోలేదు, సముద్రం గాలి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి అద్దాలు ఎత్తి, టార్పాలిన్ కప్పి ఉంచాం. మా ఊళ్ళో వాసన లేనివాడు బడి పంతులు ఒక్కడే. ఆయనకు జబ్బు చేయలేదు.

తులసికి నెలలు నిండాయి. జగన్నాధం మా గుమ్మంలోకి వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

“ఒలే తులసీ, నీ కాడ ఇంకా వాసన వస్తన్నాదే. కుంకుడుకాయ రుద్దినావా?”

“కుంకుడుకాయ రుద్దినాను, సున్నిపిండి రుద్దినాను, నిమ్మసెక్క రుద్దినాను. ఇంకేటి రుద్దమంతావు మావా, ఇసుకా?”

“కోపం కాదే. కడుపులో పిల్లకి వాసన ఉంటాదా, ఉండదా అని కూడా అడుగుతారేమో.”

“నీ ముక్కు కోసి ఆ కారుకి కట్టు. అదే సూసుకుంటాది,” అన్నాను నేను.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. టార్పాలిన్ తీయబోతే కింద కారు లేదు. ‘ఉత్తమ వాహన దాత’ సన్మానం పట్నంలో ఆ రోజే. వేదిక పక్కన నిలబెట్టడానికి తెల్లారేసరికే కారును తీసుకుపోయారు. జగన్నాధం ఫోన్ చేశాడు. నరసింగరావుగారు ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. “ఆ కారు మీదే జగన్నాధం. కాదన్నది ఎవరు? శాలువా కప్పగానే పంపిస్తాను. అమ్మాయిని కాస్త ఓపిక పట్టమను.”

తులసి నా చెయ్యి పట్టుకుంది. “అమ్మమ్మా, నాను బతుకుతానా?” అంది. నేను దాన్ని పొదివి పట్టుకుని దారి మీదికి నడిపించాను.

అప్పుడే చేపల ఆటో అబ్బాయి సరుకు ఎత్తుకుని బయలుదేరుతున్నాడు. అడగకముందే ఆటో ఆపాడు. కానాగంత చేపల పెట్టెలు ఇసుక మీదికి దించేసి, మావాళ్ళ ఎండిన వలలు మడిచి పరిచాడు. “పడుకోయే అప్పా. కంపు కొడతాది, ఏటి అనుకోకు,” అన్నాడు. తులసి అంత నొప్పిలోనూ నవ్వింది. మేం ఆసుపత్రికి చేరాం. ఆలస్యం అయ్యుంటే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల పుట్టింది. ఇక్కడ ఇసుక మీద కానాగంతలు ఎండకు కుళ్ళిపోయాయి, కాకులు తిన్నన్ని తిన్నాయి. ఆ అబ్బాయి ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి పంపేనాడు నరసింగరావుగారు శాలువాతో, ఫోటోగ్రాఫరుతో, కారుతో ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చారు. తల్లీబిడ్డలను వెనక సీట్లో కూర్చోబెట్టారు. పద్మకుమారిగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళతో నవ్వారు. ఫోటో అయింది. “దిగమ్మా, మాకు ఇంకో కార్యక్రమం ఉంది,” అన్నారాయన. మేం దిగి, చేపల ఆటోలోనే ఇంటికి వచ్చాం.

‘దాత కారులో తల్లీబిడ్డ క్షేమం’ అని పేపర్లో పడింది. జగన్నాధం దానికి ఫ్రేము కట్టించి సంఘం గదిలో పెట్టాడు. “ఇది అబద్ధం కదరా,” అన్నాను. “పేపర్లో ఏసేసినాక అబద్ధం ఎలగవుద్ది పిన్నీ,” అన్నాడు. ఇప్పుడు తులసి కూతురు ఆ ఫోటో చూపించి, తాను కారులో పుట్టానని బడిలో చెబుతోంది.

విన్నారు కదా. దాతగారి పేరు అడక్కుండానే మీకు తెలిసింది. ఆయన భార్య పేరు తెలిసింది, డిక్కీ మీద పెయింటరు పేరూ తెలిసింది. ఇంతసేపు ఊఁ కొట్టారు గాని, ఆటో అబ్బాయి పేరేమిటని మీలో ఒక్కరూ అడగలేదు.

లక్ష్ముడు. ఆ పేరు గుర్తుంచుకోండి. ఎవరికైనా చెప్పేటప్పుడు కారు సంగతి మరిచిపోయినా ఫరవాలేదు, దాన్ని గుర్తుంచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.