నాలుగో గదిలో గోబిపువ్వు

మనిషి మెదడు స్థిరాస్తి అని వనపర్తిలోని చికిత్స సాయం కార్యాలయం తేల్చేసింది. ఇంత పెద్ద సంగతి వైద్యశాస్త్రం కంట ఇన్నాళ్లూ ఎందుకు పడలేదో తెలియదు.

గద్వాల పక్క పల్లెలో కూలికి పోయే సత్యమ్మకు రెండు నెలలుగా తలనొప్పి, వాంతులు. నడిస్తే తూలుతోంది. స్కానింగ్ తీశారు. మెదడులో నీరు తిరిగే గదులు నాలుగుంటాయి. నాలుగోదాంట్లో అరుదైన గడ్డ. కాన్సర్ కాదు, కానీ నీటి దారికి అడ్డం కూర్చుంది. వారంలో తీసేయాలన్నాడు డాక్టరు. సాయం మంజూరైతేనే ఆపరేషన్.

రిపోర్టు తెలుగులో ఉండాలని నిబంధన. తర్జుమా యాప్ చేసింది (యాప్‌కు తలనొప్పి రాదు). "నాలుగో గదిలో గోబిపువ్వు ఆకారం కలదు. అంచులు నునుపు. మందు ఎక్కించగా దేదీప్యమానంగా వెలిగెను. అపాయకారి కాదు."

పరిశీలనాధికారి శ్రవణ్ కుమార్ రెండుసార్లు చదివాడు. ఇంట్లో రెండు గదులు దాటితే సాయానికి అనర్హులు. ఈమెకు నాలుగు. పైగా నాలుగోదానికి కరెంటుంది, కూరగాయల నిల్వ కూడా ఉంది.

"సారూ, ఆ గది ఇంట్ల లేదు. నా తలకాయల ఉంది," అంది సత్యమ్మ.

"తలకాయ ఎవరి పేరు మీదుందమ్మా?"

ఆమె భర్త వెంకటన్న వైపు చూసింది.

"నా దిక్కు జూస్తవేందే? నాకేం తెల్వదు," అన్నాడాయన.

విచారణకు మనిషిని పంపారు. అతను ఇల్లు కొలిచాడు. ఒకటే గది, పైన రేకులు. కోళ్లగంప ఎత్తి కూడా చూశాడు. మిగతా మూడు గదులు దాచేశారని నివేదిక రాశాడు.

చివరికి వెంకటన్న స్కాన్ ఫిల్మే తెచ్చి కిటికీకి ఎత్తిపట్టాడు. ఆఫీసంతా మూగింది. నల్లటి తలకాయలో తెల్లగా, ముద్దుగా, అచ్చం గోబిపువ్వు. అటెండరు అమృతమ్మ మంచి సైజన్నది. శ్రవణ్ కుమార్ నిజాయితీపరుడు, తప్పు ఒప్పుకున్నాడు. గది తలలోనే ఉంది. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న.

"ఈ పువ్వు అద్దెకుంటుందా, ఊకెనే ఉంటుందా?"

"ఊకెనే సారూ. చెప్పకుండ చొచ్చింది."

అయితే ఆక్రమణ. కానీ అపాయకారి కాని ఆక్రమణదారును, సంజాయిషీ అడగకుండా ఖాళీ చేయించరాదు (నిబంధన 14-గ). వెంటనే నోటీసు తయారైంది. నివాసస్థలానికి అంటించాలి కనుక సత్యమ్మ తల వంచింది. నుదుటి మీద అంటించి ఫొటో తీసుకున్నారు.

జవాబు చెప్పుకోవడానికి గడ్డకు ముప్పై రోజులు గడువిచ్చారు. సత్యమ్మకు ఎన్ని రోజులున్నాయో రాసే గడి ఆ ఫారంలో లేదు.