నా గురించిన పరీక్షలో నేను తప్పిన వైనం

పదో తరగతి విద్యార్థులందరూ శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలలోగా తమను తాము తెలుసుకుని, ఆ వివరాలను మూడు ప్రతులలో సమర్పించవలసిందిగా పై కార్యాలయం నుంచి మా బడికి ఉత్తర్వు వచ్చింది. వచ్చింది సోమవారం నాడు. ఇంత వ్యవధి ఇచ్చినందుకు పెద్ద మాస్టారు ప్రార్థన సమయంలో పై కార్యాలయానికి కృతజ్ఞతలు చెప్పారు. పూర్వం మహానుభావులకు ఈ పనికి ఒక జన్మ సరిపోయేది కాదట. పాపం, వాళ్ల దగ్గర ఫారం లేదు.

ఫారంలో అరవై ప్రశ్నలున్నాయి. మొదటి ఇరవై స్వభావం గురించి, తర్వాతి ఇరవై ఆసక్తుల గురించి, మిగిలినవి విలువల గురించి. అట్ట మీద "ఇందులో తప్పొప్పులు లేవు. మీకు తోచినది రాయండి" అని అచ్చు వేసి ఉంది. అన్నిటికన్నా చివర ఒక గడి ఉంది: "ఈ విద్యార్థి ఏ పనికి తగును?" జవాబుల్ని బట్టి మాస్టారు ఆ గడి నింపుతారు. గడిలో ఏది పడితే ఆ చదువుకే సిఫారసు.

తప్పొప్పులు లేవన్న వాక్యం మా ఉపాధ్యాయుల్ని కలవరపెట్టింది. తప్పు లేకపోతే ఒప్పు ఎలా ఉంటుంది? ఒప్పు లేకపోతే మా బడికి నూటికి నూరు శాతం ఎలా వస్తుంది? ఏటా నూటికి నూరు తెచ్చుకుంటున్న బడి మాది. మాస్టార్లు జవాబులు బోర్డు మీద రాస్తారు, మేము చూసి నేర్చుకుంటాం, పరీక్షలో అవే రాస్తాం. ఈ పద్ధతిలో ఇంతవరకు ఎవరూ నష్టపోలేదు, ఏమీ నేర్చుకోనూ లేదు. కాబట్టి మా స్వభావాలు, ఆసక్తులు, విలువలు తయారుచేసే బాధ్యతను లెక్కల మాస్టారికి అప్పగించారు. ఆయన మంగళవారం ఉదయానికల్లా పూర్తిచేశారు.

"రాసుకోండి. ఏడో ప్రశ్న. పదిమందిలో మాట్లాడటం నాకు ఇష్టం. అవును. పక్కన 'చాలా' అని కూడా రాయండి, నిండుగా ఉంటుంది" అన్నారు.

మా తరగతిలో ఒకమ్మాయిని అందరం ఫస్టు ర్యాంకు అనే పిలుస్తాం. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఆమె లేచి, "సార్, ఇది ఇంపార్టెంటా?" అని అడిగింది.

"నీ స్వభావంలో అన్నీ ఇంపార్టెంటే. కూర్చో."

బుధవారం పరీక్ష నాటికి ఫస్టు ర్యాంకు తనను తాను రెండుసార్లు రివిజన్ చేసింది. చివరి బెంచీవాళ్లు ఆసక్తుల వరకు చదివి, విలువలు వదిలేశారు. అవి ఎప్పుడూ రావని వాళ్ల నమ్మకం.

నా సంగతి కొంచెం చెప్పాలి. అచ్చులో ఉన్నది నమ్మడం నా బలహీనత. "మీకు తోచినది రాయండి" అంటే నాకు తోచినదే రాశాను. పైగా నాకు ఆ గడితో పని ఉంది. మా నాన్న నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. సెలవుల్లో నేను ఆయన పక్కన కూర్చుని మోటారుకు రాగి తీగ చుడతాను. ఆ పనిలో ఒక సుఖముంది. చుట్లు లెక్కపెడుతూ చుట్టాలి కాబట్టి ఎవరూ మాట్లాడించరు. మధ్యలో మాట్లాడితే లెక్క పోతుంది, లెక్క పోతే తీగంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మాట్లాడకపోవడం గొప్పగుణంగా చెలామణి అయ్యే చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే. నాన్న చేతిలో పని ఉంది గానీ కాగితం లేదు. అందుకే పెద్ద వర్క్‌షాపులు ఆయన్ని గుమ్మం దాటనివ్వవు. పక్క ఊళ్లోని శిక్షణ కేంద్రంలో ఆ కాగితం ఇస్తారు. అక్కడ ఆడపిల్లలకని ఒకే ఒక్క సీటు ఉంది. దానికి బడి సిఫారసు కావాలి. అంటే ఆ గడి.

అరవైకి నాకు ఇరవైమూడు వచ్చాయి. తరగతిలో తప్పింది నేనొక్కదాన్నే. లెక్కల మాస్టారు నన్ను లేపి నిలబెట్టారు.

"పదిమందిలో మాట్లాడటం ఇష్టం లేదని రాశావేం?"

నేను పదిమందిలో ఉన్నందువల్ల ఏమీ మాట్లాడలేకపోయాను. ఆయన దాన్ని పొగరుగా నమోదు చేసుకున్నారు.

"ఇరవయ్యారో ప్రశ్న. యంత్రాల శబ్దాలు శ్రద్ధగా వింటాను, అవును! ఏంటమ్మా ఇది? నలభై ఒక్కమంది నీ గురించి కరెక్టుగా రాసి చూపించారు, నీ గురించి నువ్వు రాయలేవా? శుక్రవారం పొద్దున మళ్లీ పెడతాను. ఇంటికెళ్లి నిన్ను నువ్వు బాగా చదువుకుని రా. ఇంట్లో సంతకం పెట్టించు."

గురువారం సాయంత్రం ఎర్ర సిరాతో దిద్దిన ఫారం అమ్మ చేతికిచ్చాను. అమ్మ మార్కులు చూసింది.

"నీ గురించి నిన్నడిగితే ఫెయిలయ్యావా? మమ్మల్నడిగితే చెప్పేవాళ్లం కదే!"

పక్కనే ఉన్న బాబాయి ఫారం లాక్కున్నాడు. బాబాయి మూడు చోట్ల ఉద్యోగం మానేసిన అనుభవంతో అందరికీ ఉద్యోగ సలహాలిస్తుంటాడు. "వదినా, ఇది చూశావా? జీవితంలో అన్నిటికన్నా ముఖ్యం ప్రశాంతత అని రాసింది."

"ప్రశాంతతా? ఆ మాట ఈ ఇంట్లో ఎక్కడ విన్నావే నువ్వు?"

నాన్న మూల కూర్చుని తీగ చుడుతున్నాడు. "దానికి నచ్చింది అది రాసింది. అందులో తప్పేముంది?" అన్నాడు.

"మీరు ఊరుకోండి. మీకు నచ్చింది మీరు చేశారుగా! ఏమైంది? అన్నం కలిపినా తీగకు పూసే ఆ వార్నిష్ వాసనే. అదీ అలాగే తయారవ్వాలా?"

నూట పన్నెండు దగ్గర నాన్న లెక్క పోయింది. తీగంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా ఆసక్తులన్నీ మూడుసార్లు అప్పజెప్పించుకుంది. నాలుగోసారికి నాకే నమ్మకం కుదిరింది.

శుక్రవారం ఉదయం అరవైకి అరవై వచ్చాయి. మాస్టారు నా వీపు తట్టి, "చూశావా? కష్టపడితే నువ్వు కూడా నువ్వు కాగలవు" అన్నారు. ఇప్పటికీ ఆ మాట అర్థం కాలేదు. కానీ తరగతి చప్పట్లు కొట్టింది.

నాలుగింటికి పై కార్యాలయం నుంచి అధికారిగారు వచ్చారు. నలభై రెండు ఫారాలూ చూశారు. నలభై రెండు గడుల్లోనూ "నాయకత్వానికి తగును" అని ఉంది. ఆయనకు కళ్లు చెమర్చాయి.

"నా సర్వీసులో ఒకే గదిలో ఇంతమంది నాయకుల్ని చూడలేదు! మరి వీళ్ల వెనక నడిచేవాళ్లో?"

"తొమ్మిదో తరగతి ఉంది సార్" అన్నారు పెద్ద మాస్టారు.

అధికారిగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. మొదట్లోనే దాహమైంది. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. బడి వెనక మోటారు గదిలోంచి మూలుగు వినిపిస్తోంది. మోటారు తిరగడం లేదు, ఉత్తినే మూలుగుతోంది. బావి నుంచి నీళ్లు మోయించాలని, ఆ పని ముందుండి నడిపించేదెవరని పెద్ద మాస్టారు అడిగారు. నలభై రెండు చేతులు లేచాయి. బిందె పట్టుకునేదెవరని అడిగారు. నలభై రెండు చేతులు దిగాయి.

మోటారు అలా మూలిగి తిరగకపోతే కెపాసిటర్ పోయిందని అర్థం. అరచేతిలో పట్టేంత వస్తువు, మార్చడానికి పది నిమిషాలు. నాకు తెలుసు. కానీ యంత్రాల శబ్దాలు శ్రద్ధగా వింటావా అన్న ఇరవయ్యారో ప్రశ్నకు ఆ ఉదయమే "లేదు" అని రాసి, ఒక మార్కు తీసుకుని ఉన్నాను. పొద్దున రాసినది సాయంత్రం మార్చడం నాయకత్వ లక్షణం కాదు. కావచ్చు కూడా. బోర్డు మీద రాయలేదు.

మరమ్మతు మనిషి కోసం కబురు వెళ్లింది. ఈలోగా అధికారిగారు ఎండిన గొంతుతోనే ఒక శుభవార్త చెప్పారు. శిక్షణ కేంద్రంలో ఆడపిల్లలకు కేటాయించిన సీటు ఏటా వృథా అవుతోందని, ఆడపిల్లలకు యంత్రాలంటే ఆసక్తి లేదని ఈ ఫారాలతో శాస్త్రీయంగా రుజువైందని, కనుక వారి అభీష్టాన్ని గౌరవించి ఆ సీటును రద్దు చేయవలసిందిగా పైకి రాస్తున్నానని. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా. చప్పట్లు నలభై రెండు జతలుగా వినపడకపోతే ఎవరు కొట్టలేదో తెలిసిపోతుంది.

మరమ్మతు మనిషి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మా నాన్న. మోటారు దగ్గరకు వెళ్లకముందే, దూరం నుంచి ఆ మూలుగు విని ఆగాడు. వరసలో నన్ను చూశాడు.

"ఇక్కడే ఉన్నావుగా అమ్మడూ! ఆ శబ్దం విని తెలీలేదా?"

అధికారిగారు, పెద్ద మాస్టారు, లెక్కల మాస్టారు, నలభై ఒక్కమంది నాయకులు నా వైపు తిరిగారు.

"తెలీలేదు నాన్నా" అన్నాను. పదిమందిలో స్పష్టంగా మాట్లాడటం నాకు అదే మొదటిసారి. లెక్కల మాస్టారు మెచ్చుకోలుగా తలాడించారు.

నాన్న నా దగ్గరకు వచ్చాడు. "లెక్క ఎక్కడ పోయిందమ్మా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా మోటారు గదిలోకి వెళ్లాడు. పది నిమిషాల్లో నీళ్లు వచ్చాయి. అధికారిగారు కడుపునిండా తాగి, ఏర్పాట్లు బాగున్నాయని పెద్ద మాస్టారిని అభినందించి, ఫారాలు సంచీలో సర్దుకుని వెళ్లిపోయారు. తీగ అయితే విప్పి మళ్లీ చుట్టుకోవచ్చు. ఫారం మూడు ప్రతులలో వెళ్లింది.

అరవయ్యో ప్రశ్న సంగతి చెప్పడం మరిచాను. "పై సమాధానాలన్నీ ఎవరి సాయమూ లేకుండా మీ అంతట మీరే రాశారా?" దీనికి మాస్టారు బోర్డు మీద "అవును" అని రాసి, కింద రెండు గీతలు గీశారు. బుధవారం నేను "అవును" అని రాశాను. శుక్రవారం కూడా అలాగే రాశాను. రెండుసార్లూ ఒప్పేనని దిద్దారు.

మా బడిని చూసి మీకు నవ్వు వస్తోంది కదూ. నవ్వండి. ఇప్పుడు మీరు చేస్తున్న ఉద్యోగం ఏ గడిలోంచి వచ్చిందో, ఆ రోజు మీ బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డది ఎవరో నేను అడగను. అడిగినా మీరు ఆ చివరి ప్రశ్నకు ఏం రాస్తారో నాకు తెలుసు. కింద రెండు గీతలు కూడా గీస్తారు.