అరవై నాలుగు కోర్లు, ఒక ఆకుపచ్చ పొట్లం

పొద్దున్నే పోవెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ల్యాబ్‌కు చేరి తమ కంపెనీ తయారుచేసిన నెట్‌వర్కు పెట్టెను ఒకసారి నడిపి చూడాలి, దాన్ని కొనేందుకు పదిన్నరకు వచ్చే అతిథుల ముందు మళ్లీ నడిపించాలి, సాయంత్రానికి ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. మూడు నెలల పరీక్షాకాలానికి అదే ఆఖరి రోజు. పెట్టె తడబడితే అతని కొలువూ అంతే. ఆ భయంతో రాత్రంతా నిద్ర లేదు. దానికి తోడు స్కూటరుకు తగిలించిన టిఫిన్ సంచిని షిన్‌చూ ఊరి గాలి వంతెన మీదే ఎగరేసుకుపోయింది.

ఆ పెట్టెలో పనిచేసే బుర్రలు, అంటే కోర్లు, అరవై నాలుగున్నాయి. సెకనుకు పది కోట్ల సమాచారపు ప్యాకెట్లు వచ్చిపడినా అవి పంచుకుని, ఒక్కటీ జారవిడవకుండా అవతలికి దాటించాలి. ఆ ఊళ్లో ప్రతి యంత్రానికీ ఉన్నట్టే దాని నెత్తిన కూడా కొబ్బరి రుచి చిరుతిండి పొట్లం ఉంటుంది. ఆకుపచ్చది పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుంది. పసుపుపచ్చది పెడితే పెంకితనం చేస్తుంది. గడువు దాటినా, ఎవరైనా తిన్నా ఇక చెప్పనక్కర్లేదు. అంత చదువుకున్న వాళ్లెవరూ దీన్ని నమ్మరు, అలాగని మానరు.

ఆ రోజు పెట్టె మీద రెండు పొట్లాలున్నాయి. పాతది తీసి కొత్తది పెట్టడం సీనియర్ యూచిన్ అక్క పని. పాతదాన్ని పైన వదిలేసి వెళ్లిందనుకుని, ఆకలికి ఆగలేక పోవెన్ పైదాన్ని చింపి తినేశాడు. చేతులు దులుపుకుంటూ కిందదాని తేదీ చూశాడు. గడువు కిందటి నెలే తీరిపోయింది. తిన్నది కొత్తది!

రాగానే మొదలుపెట్టిన పరీక్ష తాలూకు ఎర్ర అంకెలు సరిగ్గా అప్పుడే తెర మీద లేచాయి. పదింట తొమ్మిది ప్యాకెట్లు నేలపాలవుతున్నాయి. పాత పొట్లాన్ని చెత్తబుట్టలో పడేసి వీధి చివరి దుకాణానికి పరిగెత్తాడు.

"ఆకుపచ్చవి నిన్ననే అయిపోయాయి నాయనా. ఈ వారం అన్ని ల్యాబుల్లోనూ యంత్రాల పరీక్షలేగా," అంది కొట్టు ఆవిడ. "పసుపువి ఉన్నాయి, తింటావా?"

"తినడానిక్కాదమ్మా!" అన్నాడు ఏడుపు గొంతుతో. చివరికి అదే కొన్నాడు. ల్యాబ్‌లో కరెంటు తీగలకు చుట్టే ఆకుపచ్చ టేపు దానికి ఒళ్లంతా చుట్టి పెట్టె మీద పెట్టాడు. ఎర్ర అంకెలు మాత్రం తగ్గలేదు.

యూచిన్ అక్క వచ్చి చూసింది. "ఇదేంట్రా, పొట్లానికి కట్టు కట్టావ్? దెబ్బ తగిలిందా?"

"గాలికి ఎగిరిపోకుండా అక్కా."

"కిటికీలే లేని గదిలో గాలెక్కడిదిరా?" అంటూ ఆమె గోటితో టేపు లేపింది. పసుపు రంగు కనబడింది. "మేనేజర్ గారూ! మనమంటే గిట్టని ఆ మూడో అంతస్తు వాళ్లు మనకి పసుపుది పెట్టి, కనబడకుండా టేపు చుట్టారండీ!"

నేనేనని చెప్పాలని పోవెన్ నోరు తెరిచాడు. మేనేజర్ లోపలికి రావడం చూసి టేపు చుట్టను జేబులో దాచేశాడు.

మేనేజర్ ఫాంగ్ ఎర్ర అంకెలు చూశాడు. "అందుకే ఇలా చస్తోంది! ముందు దీనికి క్షమాపణ చెప్పుకోవాలి," అంటూ అక్కడే అగరొత్తులు వెలిగించి పెట్టెకు వంగి దండం పెట్టాడు. మూడో దండానికి పొగ గంట మోగింది.

అంతస్తంతా కిందికి దిగింది. కింద నాలుగు గుమ్మాలున్నాయి. కాపలా ముసలాయన అరుస్తున్నాడు: "బ్యాడ్జి మీద విభాగం అంకె చూసుకోండి! ఏడైతే మొదటి గుమ్మం!" ఆ అంతస్తులో అందరి అంకే ఏడు. మొదటి గుమ్మం దగ్గర జనం ఒకరినొకరు తొక్కుకుంటున్నారు.

"పక్కవి ఖాళీగా ఉన్నాయి కదయ్యా!" అన్నాడు ఫాంగ్.

"ఉంటే? మీది ఏడు. రూలు రూలే."

ఆ తోపులాటలో నలుగుతున్న పోవెన్ ఒక్కసారి ఆగిపోయాడు. పెట్టె కూడా ప్యాకెట్ మీద పంపినవారి అడ్రసు చూసే, అది ఏ కోరుకు వెళ్లాలో తేలుస్తుంది. నిన్న సాయంత్రం పరీక్ష ప్యాకెట్లన్నిటికీ ఒకే అడ్రసు రాసింది తానే. పాపం ఒక్క కోరు చాకిరీతో చస్తుంటే, మిగతా అరవై మూడూ గోళ్లు గిల్లుకుంటున్నాయి.

గంట ఆగగానే నాలుగంతస్తులూ ఎక్కి అడ్రసులు వెయ్యి చేశాడు. అరవై నాలుగు కోర్లూ పనిలోకి దిగాయి. జారినవి సున్నా.

వెనకే అతిథులు వచ్చారు. వాళ్లకి పెద్ద అయిన మేడమ్ గాన్ తెర వంక పదినిమిషాలు రెప్పవేయకుండా చూసింది. ఫాంగ్ మెల్లగా పొట్లం తీసేయబోయాడు.

"ముట్టుకోకండి!" అని గావుకేక పెట్టింది మేడమ్.

ఇక పోవెన్ ఉండబట్టలేకపోయాడు. "తప్పు నాదేనండీ. ఆకుపచ్చది నేనే తిన్నాను, ఇది నేనే చుట్టాను. కానీ అసలు తేడా అడ్రసుల్లో ఉందండీ," అని ఉన్నదంతా కక్కేశాడు. యూచిన్ అక్క తల పట్టుకుంది.

మేడమ్ అంతా విని తలూపింది. "నువ్వు చెప్పింది నిజమేనయ్యా. అయితే తీసెయ్యి. నడుస్తున్నదాన్ని కదిలించే ధైర్యం నీకుందా?"

పోవెన్ పొట్లం వైపు చూశాడు. చెయ్యి లేవలేదు. "లేదండీ."

"నాకూ లేదు. ఇలాంటి పెట్టెలు నలభై పంపండి. ఒక్కోదాని మీదా అచ్చం ఇలాంటిదే ఉండాలి."

సాయంత్రానికి పోవెన్ ఉద్యోగం ఖాయమైంది. ఇప్పటికి నలభైలో పదిహేడు పసుపు పొట్లాలకు ఆకుపచ్చ టేపు చుట్టాడు.