మావాడు తాబేలా?

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలు బంకమట్టితో ఆడుకుంటుంటే ఒక ఫోటో తీయాలి, బడి పేజీలో పెట్టాలి, కింద రెండు మంచి మాటలు రాయాలి. అంతే. ఇందులో కొంప మునిగేదేముందనుకుంది పిట్ట.

పిట్ట అసలు పేరు బడిలో ఎవరికీ గుర్తు లేదు. మనిషి పొడుగ్గా ఎదిగినా గొంతు మాత్రం పిట్ట గొంతే. కొత్తవాళ్ళు కనిపిస్తే తలుపు వెనక్కి జరిగిపోతుంది. అదే ఫోన్ చేతికిస్తే వేళ్ళు గలగలా మాట్లాడతాయి. అందుకే వాళ్ళ అక్క తను నడిపే చిన్నపిల్లల బడి ప్రచారమంతా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

ఆ ప్రచారం అవసరం కూడా ఊరికే రాలేదు. వీధి చివర కొత్తగా ఒక అద్దాల బడి వెలిసింది. గోడలన్నీ అద్దాలే. లోపల ఏనుగు తొండంలాంటి జారుడుబల్ల. దాని పేజీలో రోజుకో వీడియో. అక్క బడిలోని పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోతున్నారు. ఈ నెలాఖరులోగా కొత్త పిల్లలు చేరకపోతే తలుపులు మూసేసి, తనూ వెళ్ళి అద్దాల బడిలోనే టీచరుగా చేరిపోతానని అక్క ముందురోజు భోజనాల దగ్గర చెప్పింది. చెప్పి, కంచంలోకి చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. ఆ కూర్చోవడం పిట్టకు అస్సలు నచ్చలేదు.

"ఇవాళ్టి ఫోటో అదిరిపోవాలే," అంది అక్క, మట్టి అంటకుండా చీర కొంగు దోపుకుంటూ. "కానీ గుర్తుందిగా, అమ్మానాన్నలు ఒప్పుకోని పిల్లల మొహాలు కనిపించకూడదు."

"ఎవరెవరు ఒప్పుకున్నారక్కా?"

"సగం మంది. ఏ సగమో ఇప్పుడు ఎక్కడ వెతికేది? ఎందుకొచ్చిన గొడవ, అందరి మొహాలూ కప్పెయ్."

గొడవ సరిగ్గా అక్కడే పుట్టింది.

ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. కిటికీలోంచి ఎండ పడుతోంది, చిన్న చిన్న చేతులన్నీ మోచేతుల దాకా మట్టి. మొహాలు కప్పడానికి ఫోన్లో జంతువుల మొహాలే ఉన్నాయి. సింహం, కుందేలు, కోతి, ఎలుగుబంటి, తాబేలు. పిట్ట చేతికి ఏది తగిలితే అది అతికించుకుంటూ పోయింది. టైలరు కొడుకు జుట్టు దువ్వకుండా వచ్చాడు. ఆ జుట్టంతా కప్పాలంటే సింహం జూలు తప్ప మరొకటి సరిపోలేదు. మందుల షాపావిడ కొడుకు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. వాడు రోజూ గేటు దగ్గర మొదలుపెట్టి పలకలు సర్దేదాకా ఏడుస్తాడు. అంత నోటిని మూయడం తాబేలు వల్లే అయింది.

"చూడు, నువ్వు తాబేలువి," అని వాడికి ఫోటో చూపించింది పిట్ట. వాడు ఏడుపు ఆపి, ముక్కు ఎగబీల్చి, తాబేలును చాలాసేపు చూశాడు.

కింద రాయాల్సిన మాటలు అక్క తరగతి గదిలోంచే కేకేసి చెప్పింది. "ఒక్కో బిడ్డది ఒక్కో స్వభావం. దాన్ని కనిపెట్టడమే మా పని."

పిట్ట అక్షరం పొల్లుపోకుండా రాసి, ఫోటో పెట్టేసింది.

నీళ్ళు తాగి వచ్చేసరికి ఫోన్ బల్ల మీద గిర్రున తిరుగుతోంది. ఆ పేజీకి అన్ని లైకులు ఎప్పుడూ రాలేదు! పిట్ట గుండె ఎగిరి గంతేసింది. కామెంట్లు తెరిచింది.

"ఆ ఎర్రచారల చొక్కా మావాడిది. మావాడు తాబేలా?" అని అడిగింది మందుల షాపావిడ.

దాని కిందే టైలరు. "సింహం నా కొడుకు! స్వభావం టీచర్లే కనిపెట్టారు. నేను వాడు పుట్టినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నా, మా ఆవిడ వింటేగా!"

ఆ కింద ఎవరో కొత్తవాళ్ళు. "ఏ పద్ధతిలో కనిపెడతారండీ? మా పాపను చేర్చాలంటే ఎప్పుడు రావాలి?"

ఆ ప్రశ్నకు పేజీ తరఫున జవాబు కూడా వెళ్ళిపోయింది. "చాలాకాలం దగ్గరుండి గమనించాకే నిర్ణయిస్తాం." పిట్ట రాసింది కాదు. ఆఫీసులో కూర్చుని తీరిక దొరికినప్పుడల్లా పేజీ తెరిచే బావ రాసింది. పిట్ట వెంటనే ఫోన్ చేసింది.

"పిట్టా! పేజీ పేలిపోతోంది కదే!" అన్నాడు బావ. "ఈ జంతువుల ఆలోచన నీదేనా? బంగారం!"

"బావా... అవి మొహాలు కప్పడానికి పెట్టిన బొమ్మలు."

"ఆఁ?"

"ఉత్త బొమ్మలు. చేతికొచ్చినవి."

అటువైపు కుర్చీ కిర్రుమంది. "ముందే చెప్పొద్దా తల్లీ! మీవాడిలో నాయకత్వ లక్షణాలున్నాయని ఎలుగుబంటి వాళ్ళ నాన్నకి రాసిపడేశాను."

"ఫోటో తీసేయనా?"

"పిచ్చా? చేర్చుకుంటారా అని అడిగేవాళ్ళంతా దాని కిందే ఉన్నారు. ఆ తాబేలొక్కటి మార్చెయ్. ఆవిడకి కోపమొస్తే కష్టం."

నిజమే. ఆ చుట్టుపక్కల తల్లులంతా జ్వరానికీ దగ్గుకీ ఆవిడ షాపు మెట్లే ఎక్కుతారు. ఆవిడ ఏ బడి మంచిదంటే అదే మంచిది. పైగా ఆవిడ ఈ సోమవారం నుంచి కొడుకుని అద్దాల బడికి మార్చే ఆలోచనలో ఉందని అందరికీ తెలుసు. పిట్ట గబగబా తాబేలు తీసేసి కుందేలు పెట్టింది.

కాసేపటికి ఆవిడే మళ్ళీ రాసింది. "పొద్దున తాబేలు, మధ్యాహ్నానికి కుందేలు! ఒక్క పూటలో ఇంత మార్పా! టీచర్లకు దండాలు."

పిట్ట ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నది వదిలేలోపే మిగతా తల్లులు దిగారు. "మా అమ్మాయి ఇంకా కోతిగానే ఉందేం?" "మా పిల్లని పట్టించుకోరా?" "మావాడు పొద్దున్నుంచీ ఎలుగుబంటే. అక్కడే ఆగిపోయాడా?"

పిట్ట మళ్ళీ ఫోన్ అందుకుంది. ఎవరికీ తక్కువ చేయకూడదనుకుంది. అందర్నీ సింహాలు చేసేసింది.

వెంటనే టైలరు గొంతు రికార్డయి వచ్చింది. "ఏంటండీ ఇది? అందరూ సింహాలైతే మావాడెవడు? షాపు మూసి వస్తున్నా. అక్కడే తేల్చుకుంటా!"

బడి విడిచే వేళకు గేటు ముందు జనం కిక్కిరిసిపోయారు. పాత తల్లులు, కొత్త తల్లులు, అద్దాల బడి నుంచి పిల్లల్ని తీసుకుని అటునుంచి అటే వచ్చినవాళ్ళు. మధ్యలో టైలరు, మెడలో టేపుతో సహా. పొద్దుటి నుంచి ఫోన్ మొహం చూడని అక్క, మట్టి చేతులతో బయటికొచ్చి మురిసిపోయింది.

"చూశావటే! ఎంతమందొచ్చారో!"

"మావాణ్ణి ఎందుకు తగ్గించారో చెప్పండి ముందు," అన్నాడు టైలరు.

"తగ్గాడా?" అక్క కంగారు పడింది. "ఇందాకే డబ్బా ఖాళీ చేశాడండీ, నేనే చూశాను."

"బరువు కాదండీ! సింహం సంగతి!"

"ఏ సింహం?"

జనం ఒక్కసారిగా గోల చేశారు. ఒకరు పద్ధతి చెప్పమంటారు, ఒకరు కోతి సంగతి తేల్చమంటారు. పాపం అక్క అందరి మొహాలూ చూస్తోంది గానీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పిట్ట తలుపు వెనక నిలబడి అంతా చూసింది. ముందురోజు కంచంలోకి చూస్తూ కూర్చున్న అక్క గుర్తొచ్చింది. ఏం పూనిందో ఏమో, వెళ్ళి పిల్లల బల్లెక్కి నిలబడింది.

"అవి బొమ్మలండీ."

"గట్టిగా!" అని అరిచారెవరో.

"మొహాలు కప్పడానికి పెట్టిన బొమ్మలండీ!" ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "ఎవరి స్వభావమూ కాదు. నేనే అతికించాను. మా అక్కకేం తెలీదు!"

గేటు దగ్గర అందరూ ఫోన్లు తీసి ఆ ఫోటో మళ్ళీ చూశారు.

"అంటే మావాడి సింహం..." అన్నాడు టైలరు.

"జుట్టు దువ్వలేదండీ. జూలైతే సరిపోయింది."

టైలరు భార్య మొగుడి వైపు ఒక్క చూపు చూసింది.

"మరి మావాడు?" మందుల షాపావిడ గొంతు సన్నగా లేచింది.

"నోరు తెరిచి ఏడుస్తున్నాడండీ. ఆ నోటికి తాబేలే సరిపోయింది."

ఆవిడ మొహం కందగడ్డయింది. "మార్పొచ్చిందని ఊరందరికీ చెప్పుకున్నాను! చాలమ్మా చాలు. సోమవారం నుంచి అద్దాల బడే. పదరా!" అంటూ కొడుకు చెయ్యి పట్టుకోబోయింది. చెయ్యి దొరకలేదు. పిల్లాడు లేడు.

వాడు గుమ్మం దగ్గర నేల మీద ఉన్నాడు. వీపు మీద సంచీ, రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేల మీద. మెడ సాచి అటూ ఇటూ చూస్తున్నాడు.

"లే నాన్నా. ఇంటికి పోదాం."

"నేను తాబేలు," అన్నాడు వాడు. "నా ఇల్లు నా మీదే ఉంది. ఇక్కడే ఉంటా."

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ గేటు లోపలికి తోయబోతే రోజూ తన ప్రాణం తోడేసే పిల్లాడు, ఇప్పుడు గేటు బయటికి రానంటున్నాడు! ఆవిడ అక్కడే గట్టు మీద కూలబడి, ముందు ఏడవబోయి, తరవాత పకపకా నవ్వింది.

అంతలో టైలరు కొడుకు కూడా సంచీ వీపు మీద సర్దుకుని నేల మీద బోర్లా పడ్డాడు. "నేనూ తాబేలే!"

"ఒరే, నువ్వు సింహానివిరా!"

"సింహానికి ఇల్లు లేదుగా," అన్నాడు వాడు.

ఇక చూడాలి! కోతులూ ఎలుగుబంట్లూ అన్నీ నేల మీదే. పెద్దవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. అద్దాల బడి సంచీలు తగిలించుకున్న పిల్లలు కూడా అమ్మల చేతులు విడిపించుకుని ఆ వరసలో చేరిపోయారు. "రేపట్నుంచి చేర్చుకుంటారాండీ?" అని ఒకావిడ అడిగితే, "ముందు నేనడిగాను," అంది ఇంకొకావిడ. అక్క మట్టి చేతులతోనే కళ్ళు తుడుచుకుని మొహమంతా మట్టి చేసుకుంది.

"సోమవారం మాట మర్చిపోండి," అంది మందుల షాపావిడ మెల్లగా.

"ఇంకెప్పుడూ జంతువుల జోలికి పోకే," అంది అక్క ఆ సాయంత్రం, చెల్లెలి తల మీద చెయ్యి వేసి. "మొహాల మీద ఉత్త చుక్కలు పెట్టు."

"చుక్కలే పెడతానక్కా."

"ఎవరి చుక్క పెద్దదో అడుగుతారు, చూస్తూ ఉండు," అన్నాడు బావ.

సోమవారం నుంచి మందుల షాపావిడ కొడుకు ఏడవడం మానేశాడు. గేటు దగ్గర తల్లి చెయ్యి తనే వదిలేసి, సంచీ వీపు మీద వేసుకుని, నాలుగు కాళ్ళ మీద తనంతట తనే లోపలికి బయలుదేరుతున్నాడు. ఒకటే చిక్కు. వాడు తరగతి గదికి చేరేసరికి ఇంటి గంట కొడుతున్నారు.