గులాబీలకు బూడిద తెగులు

ఆ రోజు అరవింద్ అనుకున్న పని ఒకటే. సిరిసిల్లలో బట్ట నేసే సాంచెల దగ్గర రాత్రి డ్యూటీ దిగి, తంగళ్ళపల్లిలోని ఇంటికొచ్చి, గులాబీ కుండీలకు నీళ్ళు పోసి పడుకోవడం. భార్య శ్రీజ కోరుట్లలోని పుట్టింటికి వెళ్తూ ఆ గులాబీలను అతనికి అప్పగించింది. మొగ్గలు విచ్చే వేళకు అక్క సుజాతను వెంటబెట్టుకొచ్చి చూపించాలని ఆమె ఆశ. పెళ్ళయ్యాక మొగుణ్ణి నమ్మి చెప్పిన మొదటి పని కూడా అదే. అందుకే ఆకుల మీద తెల్లటి పొడి కనబడగానే అతని గుండె జారిపోయింది.

పక్కింటి ఐలయ్య గోడ మీంచి తొంగిచూసి, బూడిద తెగులేనని తేల్చేశాడు. "పులిసిన సల్ల కొట్టు, దెబ్బకు పోతది" అన్నాడు. అరవింద్ ఇంట్లో ఉన్న మజ్జిగంతా మొక్కలకు అభిషేకం చేశాడు. పొడి పోకపోగా ముద్దకట్టి అంటుకుంది. పైగా చీమలు పట్టాయి. చీమలకు పసుపు మంచిదని ఎప్పుడో విన్నాడు కాబట్టి, డబ్బాలో ఉన్నదంతా చల్లేశాడు.

మధ్యాహ్నం అటుగా వచ్చిన ఎదురింటి దేవవ్వ ఆకులు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. తన బెండతోట ఇట్లాగే పసుపుపచ్చగా మారి నాశనమైందట.

"గిది పల్లాకు తెగులు కొడుకా. కొమ్మలు కోసెయ్యి. లేకుంటె వాడకంత అంటుకుంటది."

నిద్ర లేని అరవింద్‌కు తాను చల్లిన పసుపు గుర్తే రాలేదు. కత్తెర తెచ్చి, మొగ్గలతో సహా అన్నీ కత్తిరించి, ఏడవలేక డ్యూటీకి పోయాడు.

మర్నాడు పొద్దున తిరిగొచ్చేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ కుండీల ముందు నిలబడి ఉన్నారు. శ్రీజ కళ్ళ నిండా నీళ్ళు.

"తెగులు పట్టింది శ్రీజా. బతికిద్దామనే చూసిన" అన్నాడు అరవింద్. అంటూనే, అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాల తీసి దులిపాడు. రాత్రంతా సాంచెల దగ్గర పట్టిన నూలు నూగు తెల్లగా లేచి మోడుల మీద వాలింది. గేటు బయటే దులిపించే శ్రీజ ఊళ్ళో లేకపోయేసరికి, అతను ఇన్నాళ్ళూ కుండీల దగ్గరే దులిపాడు.

సుజాత మోడు మీది తెల్లటి పొడిని వేలితో తీసి చూసింది.

"చెల్లె, తెగులు డ్యూటి దిగి అచ్చింది" అంది సుజాత నెమ్మదిగా. ఏడుస్తున్న శ్రీజకు నవ్వు ఆగలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక గులాబీలకు కావలసింది కత్తిరింపే. చలి మొదలయ్యేసరికి మోడులన్నీ చిగిర్చి, కుండీలు కనబడనంతగా పూశాయి. వాడకట్టంతా జబ్బు మొక్కలు పట్టుకుని అరవింద్ దగ్గరికి రాసాగింది. అతను గంభీరంగా ఆకులు తిరగేసి చూసి, తెగుళ్ళకు పేర్లు కూడా చెబుతున్నాడు.

శ్రీజ మాత్రం ఈసారి పుట్టింటికి వెళ్తూ కుండీలన్నీ ఆటోలో ఎక్కించుకుంది.