బరువు స్టీరింగు వర్ధిల్లాలి!

తిరగని స్టీరింగు దేవుడిచ్చిన వరం. ఈ మాట అంటున్నది ఆ స్టీరింగు తిప్పలేక భుజం పట్టేసిన మనిషి కాదు, దాని బరువు తగ్గించే మోటార్లు అమ్ముకుని బతికే మనిషి. కాబట్టి మీరు నిశ్చింతగా నమ్మవచ్చు.

వేల్స్ సరిహద్దులో, కనుమ రోడ్డు మొదట్లో, పాత కార్లు విప్పే యార్డు నాది. ముప్పై ఏళ్లుగా జనం విసుగెత్తి వదిలేసిన కార్లను కొని, ముక్కలు చేసి, ఆ ముక్కల మీద ఆశ పుట్టినవాళ్లకు అమ్ముతున్నాను. ఆ ఆశపరుల్లో మొదటి వరస మా సొంతకార్ల క్లబ్బువాళ్లది. సొంతకారంటే కొన్న కారు కాదు, కట్టుకున్న కారు. చట్రం, రేకులు, గొట్టాలు పెట్టెల్లో వస్తాయి. మిగతావి నా యార్డులో దొరుకుతాయి. షెడ్డులో అది ఐదేళ్లో పదేళ్లో పెరుగుతుంది. ఆ లోపు ఇంట్లో పిల్లలు కూడా పెరుగుతారు గానీ, వాళ్లకి అంత శ్రద్ధగా ఆయిలు పూసేవారుండరు. చివరికి ప్రభుత్వ తనిఖీలో పాసైతే, తలుపులూ పైకప్పూ లేని ఆ బండిలో వానాకాలమంతా తడుస్తూ తిరగవచ్చు. మా దేశంలో వానాకాలమంటే జనవరి నుంచి డిసెంబరు దాకా.

ఈ కార్లకి ముందు చక్రాలు వెడల్పు, చేతిలో స్టీరింగు చక్రం సాసరంత. పరుగెడుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. ఆగినచోట తిప్పాలన్నప్పుడే తెలుస్తుంది, ఇది కారు కాదు, భూమిలో పాతిన రాయి అని.

ఎంత మేలో ఆలోచించండి! ఇరుకు చోట ఆపలేడు గనుక మనిషి బజారుకి వెళ్లడు. బజారుకి వెళ్లడు గనుక పాపం పొరపాటున కూడా ఇంటికి పనికొచ్చే వస్తువు తేడు. బండి ఒకసారి ఇస్తావా అని ఇంట్లో ఎవరూ అడగరు. మా సభ్యుడొకడు ఉత్తరం పోస్టు చేయడానికి బయల్దేరి, వెనక్కి తిప్పలేక, తిన్నగా పోయి పోయి సముద్రం దగ్గర ఆగాడు. అక్కణ్నుంచి ఇంటికి ఫోను చేసి, సెలవులకి వచ్చేశాను, మీరూ రండి అన్నాడట. తేలిక స్టీరింగు ఉన్నవాడికి ఇంత లోకజ్ఞానం ఎక్కడిది?

ఇలాంటి వరాన్ని పాడు చేయడానికి ఒక మోటారు పుట్టింది. వారానికోసారి కూరగాయలకి వెళ్లే చిన్న కార్లుంటాయి చూడండి, వాటి స్టీరింగు కడ్డీకి నడుము దగ్గర కొబ్బరికాయంత మోటారు ఉంటుంది. అలాంటి కారు తుక్కుకి వచ్చినప్పుడు ఆ కడ్డీ విప్పి, కాస్త కోసి, కాస్త అతికి, సొంతకారుకి బిగించవచ్చు. ఎంత సాయం కావాలో తిప్పి పెట్టుకోవడానికి స్టవ్వుకి ఉన్నట్టు ఒక బుడిపె. అంతా డ్యాష్‌బోర్డు కింద దాగిపోతుంది. తర్వాత ఒక్క వేలితో తిప్పవచ్చు. ఛీ!

ఈ ఛీ నాది కాదు, మా క్లబ్బు అధ్యక్షుడు డెరిక్ స్కిడ్‌మోర్‌ది. గ్యాస్ పొయ్యిలు బిగించే పనిలో రిటైరైనవాడు. "చేతికి బరువు తెలియనివాడికి రోడ్డేం తెలుస్తుందయ్యా? అది డ్రైవింగు కాదు, సోఫాలో కూర్చోవడం!" అని ఆదివారం ఆదివారం పబ్బు పెరట్లో చెబుతాడు. ఆ పెరట్లోనే మా వారపు తంతు: బండ్లన్నీ వరసగా నిలబెట్టి, బానెట్లు ఎత్తి, ఒకడి ఇంజను ఒకడు చూసుకోవడం. పెళ్లిచూపుల్లో కూడా అంత నిశితంగా చూడరు. అందులో పెద్ద గౌరవం బ్యాటరీది. ఎంత చిన్నదైతే అంత గొప్ప, బండి అంత తేలిక. డెరిక్ బ్యాటరీ బిస్కెట్ల డబ్బా అంత ఉంటుంది. దాన్ని రుమాలుతో తుడుస్తాడు.

ఇలా ఉండగా గ్లెనిస్ ప్రోబర్ట్ వచ్చింది. బడి బస్సు నడుపుతుంది. ఆరేళ్లు తన గ్యారేజీలో ఒక్కత్తే కూర్చుని కారు కట్టింది. ఆఖరి నట్టు బిగించిన నెలకే బస్సు మెట్టు మీద జారిపడి భుజంలో నరం తెగింది. కుట్టిన డాక్టరు, బరువు లాగితే మళ్లీ తెగుతుంది జాగ్రత్త అన్నాడు. ఆవిడ ఒక శుక్రవారం పొద్దున పదింటికి, ముందు గేటులోంచి, నలుగురు చూస్తుండగా యార్డులోకి వచ్చింది.

"నోరిస్, నాకు కరెంటు స్టీరింగు పెట్టాలి. చెయ్యి రాదు. కారు మాత్రం వదల్ను."

"బ్యాటరీ పెద్దది వేసుకోవాలమ్మా. తీగ కూడా బొటనవేలంత లావుండాలి. ఆ మోటారుకి ఆకలెక్కువ."

"ఎంత పెద్దదైతే ఏం? నేనేమన్నా దాంతో ఫోటో దిగాలా?"

అంతే. బిగించింది, తనిఖీ మళ్లీ చేయించుకుంది, ఆదివారం వచ్చి బానెట్ ఎత్తింది. పెరట్లో అందరూ ఆ బ్యాటరీ చుట్టూ శవం చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆ వారమే పబ్బు వెనక గదిలో సమావేశం. డెరిక్ లేచి తీర్మానం చదివాడు: కరెంటు సాయంతో తిరిగే బండికి క్లబ్బులో చోటు లేదు. ఏటా మే నెలలో మేమంతా కనుమ దాటి కొండెక్కుతాం. ఏ తగాదా అయినా అక్కడ, పైన టీ బడ్డీ దగ్గర, టీ చేతికి వచ్చాకే ఓటుతో తేలాలి. అది ఆనవాయితీ. ఆ ఏడు కారు పూర్తి చేసిన కొత్త సభ్యుడిదే వరసలో ముందు బండి కావడం ఇంకో ఆనవాయితీ. అంటే గ్లెనిస్ అందరినీ వెంటబెట్టుకుని కొండెక్కాలి, ఎక్కినాక పేరు కొట్టేయించుకోవాలి.

"మోటారు తీసెయ్యమ్మాయ్, గొడవే లేదు," అన్నాడు డెరిక్.

"తీసేస్తే కారు అమ్ముకోవాలి డెరిక్. ఈ చేత్తో గేటు కూడా దాటలేను."

"నీ మీద కోపమేం లేదు. రూలు రూలే కదా."

గ్లెనిస్ గదంతా చూసి, చివరికి నా వైపు చూసింది. నేను నా గ్లాసులోకి చూసుకున్నాను. బీరు అడుగున ఏమైనా రాసి ఉంటుందేమోనని.

పాఠకులారా, ఆ గదిలో ఆమె కాక పదకొండు మంది బండ్లవాళ్లున్నారు. నా యార్డుకి వెనక గేటొకటి ఉంది. రెండేళ్లుగా, మధ్యాహ్నం భోజనాల వేళ, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, ఆ గేటులోంచి పది మంది వచ్చి పది మోటారు కడ్డీలు తీసుకెళ్లారు. ఎవరికీ తనకోసం కాదు సుమా! ఒకడు పక్కింటాయనకి, ఒకడు అత్తగారికి. డెరిక్ తన బావమరిదికి. డెరిక్‌కి బావమరిది లేడు. ప్రతివాడూ చెయ్యి పట్టుకుని, "నోరిస్, ఇది మనిద్దరి మధ్యే" అన్నాడు. అలా ఒకే రహస్యం పదిసార్లు నా దగ్గర దాచుకున్నారు. మోటారుని తిట్టినకొద్దీ గిరాకీ రెండింతలు, సిగ్గు వదిలితే గిరాకీ సున్నా అని నాకు బాగా తెలుసు. సిగ్గు లేకపోతే యార్డుకి వచ్చేముందు నలుగురిని అడుగుతారు, ఆ నలుగురూ ఇంకో యార్డు చూపిస్తారు. కాబట్టి బరువు స్టీరింగు వర్ధిల్లాలి! డెరిక్ ఉపన్యాసాలు వర్ధిల్లాలి!

పది మందికీ బ్యాటరీ పెద్దది వేయమని చెప్పాను. పది మందీ వద్దన్నారు. ఆదివారం బానెట్ ఎత్తితే కనబడిపోదూ?

కొండెక్కే రోజు వచ్చింది. మే నెల, పట్టపగలు, సన్నటి వాన, ముందు బండి ఆకారం మసకబారేంత పొగమంచు. లైట్లు వేసుకోక తప్పలేదు. నాది బండ్లు లాగే లారీ, దాన్ని వరసలో రానివ్వరు. గ్లెనిస్ పక్కన కూర్చున్నాను. మా వెనకే డెరిక్, ఆ వెనక మిగతావాళ్లు. అందరికన్నా చివర ఐవర్ ట్రాంటర్, గుర్రాలకి నాడాలు కొట్టేవాడు.

కొండ మొదటి మెలిక. గ్లెనిస్ రెండు వేళ్లతో తిప్పేసి అద్దంలోకి చూసింది.

"నోరిస్, డెరిక్ నాకు కన్ను కొడుతున్నాడేంటి?"

"అంత ధైర్యం వాడికెక్కడిది?"

"నువ్వే చూడు."

వెనక్కి తిరిగి చూశాను. డెరిక్ మెలిక తిప్పుతుంటే బండి లైట్లు రెండూ సన్నగిల్లి, ఆరిపోబోయి, తిన్నగా అయ్యాక మళ్లీ వెలిగాయి. అతని వెనక బండీ మెలిక దగ్గరికి వచ్చి అలాగే తల వంచి ఎత్తింది. దాని వెనకదీ అంతే. బిస్కెట్ల డబ్బా అంత బ్యాటరీ, కొబ్బరికాయంత మోటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఉన్న కరెంటంతా అదే తాగేస్తోంది.

గ్లెనిస్‌కి చెప్పాల్సిన అవసరం రాలేదు. తన బండికి ఆ తీగలన్నీ తన చేత్తో లాగిన మనిషి. రెండో మెలికలో పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. మూడో మెలికలో సరిచూసుకుంది.

"పది," అంది.

నేను కోటు కాలరు పైకి లాక్కున్నాను.

"పదీ నువ్వే అమ్మావా?"

వాన బాగా పడుతోందన్నాను.

"ఆ రోజు పబ్బులో గ్లాసులోకి ఎందుకు చూశావో ఇప్పుడర్థమైంది," అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

చివరి బండి లైట్లు మాత్రం తగ్గలేదు. ఐవర్ అసలు సిసలు బరువు స్టీరింగువాడు. గుర్రం కాలు ఒంటి చేత్తో ఎత్తే ఆ మనిషి, ప్రతి మెలికనీ ముందుకీ వెనక్కీ మూడుసార్లు లాగితే గాని దాటలేకపోయాడు. దాటినప్పుడల్లా వాడి తిట్లు కొండంతా వినిపించాయి.

పైన టీ వచ్చింది. డెరిక్ కాగితం తీశాడు. గ్లెనిస్ కప్పు కింద పెట్టింది.

"ఓటేద్దాం డెరిక్. దానికి ముందు చిన్న పని. దిగేటప్పుడు సులువుగా ఉంటుంది, బండ్లన్నీ ఆ గోడ వైపు తిప్పి పెట్టండి. ఇంజను ఆపొద్దు, లైట్లు తీయొద్దు. మేమిక్కడ నిలబడి చూస్తాం."

పది మంది పది కప్పుల్లోకి చూశారు. నాకు తెలిసిన చూపే అది.

అప్పుడే ఐవర్ చేతులు వేలాడేసుకుని వచ్చాడు. "నన్ను మాత్రం తిప్పమనకు తల్లీ. ఈ చేతులతో ఇప్పుడు రొట్టె కూడా ఎత్తలేను. ఏయ్ నోరిస్! ఆవిడకి పెట్టించిందేదో నాకూ ఒకటి తీసిపెట్టు. సోమవారం వస్తా." అందరి ముందూ, అంత గొంతుతో! ఎవరికీ చెప్పకు అని కూడా అనలేదు.

డెరిక్ ఆకాశం వైపు చూశాడు. "వాతావరణం బాగాలేదు. ఈ విషయం వచ్చే ఏడాది చూద్దాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి." చేతులు నొప్పులన్నీ మరిచి లేచాయి.

దిగబోతే డెరిక్ బండి స్టార్టు కాలేదు. చలికి, అన్నాడు. గ్లెనిస్ తన పెద్ద బ్యాటరీ నుంచి తీగ తగిలించి స్టార్టు చేయించింది.

సోమవారం ఐవర్ ముందు గేటులోంచి వచ్చి కావలసింది పట్టుకెళ్లాడు. మంగళవారం నుంచి మధ్యాహ్నం వేళల్లో వెనక గేటు దగ్గర అలికిడి మొదలైంది. పక్కింటాయనకి, అత్తగారికి, లేని బావమరిదికి ఇప్పుడు పెద్ద బ్యాటరీలు కావాలట.

ముప్పై ఏళ్ల వ్యాపారంలో నేను చేసిన మొదటి తెలివితక్కువ పని అప్పుడే చేశాను. వెనక గేటుకి తాళం వేసి, ముందు వైపు రండి అని చీటీ అంటించాను. గ్లాసులోకి చూసిన ఆ సాయంత్రం ఎంత నష్టమో లెక్కేస్తే, ఈ గిరాకీ నష్టం దానికి వడ్డీ కూడా రాదు.

ముందు గేటుకి ఇరవై అడుగులు. నెలయింది, ఐవర్ తర్వాత ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే వెనక తాళం లాగుతున్న చప్పుడు మాత్రం రోజూ వినిపిస్తుంది. పాత ఇనప తాళం, పిడికిలంత. నిన్న చూస్తే కొంకి వంగిపోయింది.

చేతుల్లో బలం బాగానే ఉందన్నమాట.